నీళ్ళు తాగే రోడ్డు

పిల్లలూ, కుందుర్పిలో ఒక వేసవినాడు నేను చూసిన సంగతి చెబుతాను. ఒక వీధికి కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు. మరునాడు నీళ్ళ టాంకరు వచ్చి రోడ్డు మీద నీళ్ళు వదులుతున్నది. ఒక అవ్వ ఖాళీ బిందె చంకన పెట్టుకొని వచ్చి, "ఏం నాయనా, తాగేదానికి నీళ్ళు లేక మేం చస్తాంటే, నువ్వు రోడ్డుకు పోస్తాండావే!" అన్నది.

టాంకరతను ఏమీ అనలేదు. అవ్వ బిందె నింపి, మళ్ళీ రోడ్డు మీదికే గొట్టం తిప్పాడు.

అవ్వ అడిగినదానిలో తప్పేమీ లేదు. కుందుర్పి అనంతపురం జిల్లాలో పడమటి అంచున, కర్ణాటక సరిహద్దున ఉన్నది. కొండ మీద పాత కోట, కింద ఎర్రనేల, శనక్కాయ చేలు. ఈ జిల్లాలో సాలుకు సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అంటే, ఏడాది పొడుగునా పడిన వాన ఇంకిపోకుండా, ఆవిరి కాకుండా అంతా నిలిచినా పెద్దవాళ్ళ మోకాలు దాటి కొంచెం పైకి వస్తుంది, అంతే. అటువంటి చోట రోడ్డుకు నీళ్ళెందుకు?

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది పెద్దలు కూడా అనుకుంటారు. అది పొరపాటు. బురద ఎండి గట్టిపడుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే మళ్ళీ బురదే అవుతుంది. సిమెంటు అట్లా కాదు. అది నీటితో కలిసి కొత్త పదార్థంగా మారుతుంది. ఆ పదార్థమే ఇసుకను, కంకరను ఒకదానితో ఒకటి పెనవేసి పట్టుకుంటుంది. కనుకనే కాంక్రీటు నీళ్ళలో ఉన్నా గట్టిపడుతుంది. నదిలో వంతెన స్తంభాలు నిలబడడం లేదూ? ఈ మార్పు ఒక్కరోజులో అయ్యేది కాదు. మొదటి వారంలో జోరుగా, తరువాత మెల్లగా, నెలల తరబడి సాగుతుంది. మధ్యలో నీరు ఆరిపోయిందా, మార్పు అక్కడే ఆగిపోతుంది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. పోసిన తరువాత ఇంత నీరు కోరే కాంక్రీటు, కలిపేటప్పుడు మాత్రం నీళ్ళు తక్కువ చాలంటుంది. 50 కిలోల సిమెంటు బస్తా తనలో కలుపుకొనేది సుమారు 12 లీటర్ల నీటినే. కలపడానికీ పరచడానికీ వీలుగా ఉండాలి గనుక 22 లేక 23 లీటర్లు పోస్తారు. పలుచగా ఉంటే పని సులువని మరో రెండు బకెట్లు పోస్తే ఏమవుతుంది? ఎక్కువైన నీరు ఆవిరైపోయి, అది ఉన్న చోట కంటికి కనిపించని బొక్కలు మిగులుతాయి. రోడ్డు లోపల గుల్ల అవుతుంది. మీ వీధిలో కాంక్రీటు కలిపేటప్పుడు బస్తాకు ఎన్ని బకెట్లు పోస్తున్నారో లెక్కపెట్టండి. పిల్లలు లెక్కపెడుతున్నారని తెలిస్తే మేస్త్రీ కూడా జాగ్రత్త పడతాడు!

ఇప్పుడు టాంకరు లెక్క చూద్దాం. రోడ్డు పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అనుకోండి. మొదటిరోజు తడి గోనెపట్టాలు కప్పుతారు. తరువాత బంకమట్టితో చిన్న చిన్న గట్లు వేసి, వరిమడిలా చేసి, 5 సెంటీమీటర్ల లోతున నీరు నిలుపుతారు. వైశాల్యం 300 చదరపు మీటర్లు గనుక ఒకసారి నింపడానికి 15,000 లీటర్లు కావాలి. వేసవి ఎండకూ గాలికీ రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైతే, రోజూ మరో 3,000 లీటర్లు పోయాలి. రెండు వారాలు ఇట్లా తడిపి ఉంచడం పద్ధతి. నింపిన రోజు పోను తక్కిన 13 రోజులకు 39,000. మొత్తం 54,000 లీటర్లు. అవ్వ బిందె 15 లీటర్లదైతే, 3,600 బిందెలన్నమాట!

ఇంత నీరు పోయలేని ఊళ్ళో రోడ్డు వేయకూడదా? వేయవచ్చును. తడి గోనెపట్టాల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులు మట్టితో కప్పితే, లోపలి తేమ బయటికి పోదు. ఎంతో నీరు మిగులుతుంది. ఆవిరి పోకుండా పైన పొరలాగా పరుచుకునే ద్రవాలు కూడా ఉన్నాయి, పిచికారీ చేస్తారు. అన్నిటికన్న మంచిది, పుబ్బ, ఉత్తర కార్తెల వానలు వెళ్ళి, ఎండ మెత్తబడ్డాక పని పెట్టుకోవడం. కాని డబ్బు మంజూరయ్యే నెల కార్తెలు చూసుకొని రాదు గదా!

నేను పనిచేసిన ఒక ఊళ్ళో మే నెల మిట్టమధ్యాహ్నం రోడ్డు పోశారు. నీళ్ళు మూడు రోజులే పట్టారు. ఏడాది తిరిగేసరికి రోడ్డు సుద్దముక్కలా రాలింది; బడికి వచ్చే పిల్లల కాళ్ళన్నీ తెల్లగా ఉండేవి. అప్పుడు మిగిల్చిన నీళ్ళెన్నో గాని, రోడ్డు రెండోసారి వేసినప్పుడు మళ్ళీ మొదటినుంచి పోయవలసి వచ్చింది.

సిమెంటు రోడ్లు కొత్తవేమీ కావు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బెల్‌ఫౌంటెన్ అనే ఊళ్ళో జార్జి బార్తలోమ్యూ 1891లోనే వేశాడు. హైదరాబాదు వీధులకు నిజాం కాలంలోనే వేశారు. పల్లెలకు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ పథకంలో సామగ్రికి కేటాయించిన సొమ్ముతో రాష్ట్రంలో ఎన్నో పల్లెలకు సిమెంటు రోడ్లు పడ్డాయి.

మీ వీధి రోడ్డుకు అడ్డంగా నాలుగు మీటర్లకో, ఇంకా తక్కువకో ఒక గీత ఉంటుంది, చూశారా? అది అందానికి గీసినది కాదు. ఎండకు కాంక్రీటు వ్యాకోచిస్తుంది, చలికి సంకోచిస్తుంది. 100 మీటర్ల రోడ్డుకు 30 డిగ్రీల తేడా వస్తే దాదాపు 3 సెంటీమీటర్ల మార్పు! దానికి తోడు తేమ ఆరినకొద్దీ కూడా కుంచించుకుపోతుంది. కింది నేల పట్టి ఉంచుతుంది గనుక రోడ్డు స్వేచ్ఛగా కదలలేదు, పగులుతుంది. పగలక ఎట్లాగూ మానదు గనుక, ఎక్కడ పగలాలో ఇంజనీరు ముందే నిర్ణయిస్తాడు. పోసిన కొద్ది గంటలకే, మందంలో మూడో వంతు లోతున కోత కోయిస్తాడు. అక్కడ బలహీనం కావడంతో పగులు తిన్నగా ఆ కోత కిందే వస్తుంది. ఆలస్యం చేస్తే రోడ్డు తన ఇష్టం వచ్చినట్టు వంకరగా పగులుతుంది.

ఇనుము వేస్తే పగలదు గదా అంటారా? ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి, పూలతొట్లు పగిలిపోతున్నాయని సిమెంటులో ఇనుపతీగల వల పెట్టి, 1867లో దానికి పేటెంటు పొందాడు. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది; లాగితే మాత్రం అందులో పదో వంతు కూడా తట్టుకోవడం కష్టం. ఆ లాగుడును ఇనుము భరిస్తుంది. అదృష్టవశాత్తు వేడికి రెండూ ఇంచుమించు ఒకే మోతాదులో వ్యాకోచిస్తాయి. లేకపోతే ఈ స్నేహం నిలిచేదే కాదు.

అయితే రోడ్డులో ఇనుము పగుళ్ళను ఆపదు, వాటిని విచ్చుకోనివ్వదు. 1921లో వాషింగ్టన్ నగరం దగ్గర కొలంబియా పైక్ అనే రోడ్డును అడ్డకోతలు లేకుండా, పొడుగునా ఎడతెగని ఇనుపకడ్డీలతో వేశారు. అటువంటి రోడ్డుకు ప్రతి ఒకటి రెండు మీటర్లకూ పగులు వస్తుంది. కాని వెంట్రుకవాసి మందాన ఉంటుంది. రెండువైపుల కంకర పళ్ళు బిగించినట్టు పట్టుకొని ఉండడంవల్ల, బండి బరువు ఒకవైపు నుంచి మరోవైపుకు సాఫీగా పోతుంది. మిద్దెకు కడ్డీలు అడుగున వేస్తారు, అది కిందికి వంగుతుంది గనుక. ఇటువంటి రోడ్డులో నడుమనో, కొంచెం పైకో వేస్తారు. మన పల్లె రోడ్లలో చాలావాటికి ఇనుమే ఉండదు. గరుసు పరిచి గట్టిగా దిమ్మిస చేసిన నేల, సరైన కోత, చాలినంత తడి, ఇవే వాటి బలం.

వేశాక కూడా కాస్త చూస్తుండాలి. గీతల్లో తారు నింపుతారు. అది ఊడిపోతే మళ్ళీ నింపాలి. అందులో గులకరాయి దూరితే, ఎండకు పలకలు పెరిగినప్పుడు చోటు చాలక అంచులు పెచ్చులూడుతాయి. మీరు ఆటకోసం రాళ్ళు దోపకండి! పక్కకాలువ పూడిపోతే నీరు పలక కిందికి చేరి మట్టిని కడిగేస్తుంది. కింద డొల్ల అయిన పలక మొదటి లారీకే విరుగుతుంది. గట్టిపడేదాకా నీళ్ళు తాగిన రోడ్డుకు, ఆ తరువాత అడుగున నీరు పనికిరాదు.

ఇంట్లో ఒక ప్రయోగం చేసి చూడండి. రెండు కొబ్బరిచిప్పలు తీసుకోండి. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, కొద్దిగా నీళ్ళు కలిపి రెండింటిలోనూ నింపండి. సిమెంటును చేత్తో ముట్టుకోవద్దు, చర్మం తినేస్తుంది. పెద్దవాళ్ళ చేత కర్రతో కలిపించండి. ఒక చిప్పను ఎండలో వదిలేయండి. రెండోదానిని మరునాటినుంచి తడిగుడ్డలో చుట్టి, నీడన పెట్టి, రోజూ తడపండి. ఇరవై ఎనిమిదో రోజున ఇనుపమేకుతో రెండింటినీ గీసి చూడండి. ఆ తడిగుడ్డకు మీరు రోజూ ఎన్ని గ్లాసుల నీళ్ళు పోశారో కూడా రాసి పెట్టుకోండి.