కారు కప్పుకి తుప్పు పడితే

పిల్లలూ! వానాకాలంలో ఇంటి కప్పు కారడం మీలో చాలామంది చూసే ఉంటారు. కారు కప్పు కారడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. అదీ నా సొంత కారులోనే!

మా నాన్నగారు 1982లో కొన్న అంబాసిడర్ కారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను తీసుకుని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1958 నుంచి 2014 దాకా తయారుచేసిన కారు ఇది. మాది కాకినాడ. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుముకి ఉప్పు ఎంత కీడు చేస్తుందో ఏటా తరగతిలో చెప్పే నేను, నా కారు సంగతి మాత్రం పట్టించుకోలేదు.

2019 వేసవిలో కారు కప్పు అంచున, వాన నీరు జారిపోయే గాడి పక్కన, రంగు కింద చిన్న చిన్న పొక్కులు కనిపించాయి. పైపైన గీకి, లప్పం పెట్టించి, రంగు వేయించాను. కారు కొత్తదానిలా మెరిసింది. రెండు వానాకాలాలు గడిచేసరికి అదే చోట మరిన్ని పొక్కులు లేచాయి. 2021లో ఒకరోజు వానలో బడికి వెళుతుంటే నా భుజం మీద టప్పున నీటిచుక్క పడింది!

రంగు కింద ఏం జరిగింది?

మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసే ప్రయోగం మీకు తెలుసు కదా. గాలీ నీరూ రెండూ ఉన్న నాళికలోని మేకుకే తుప్పు పడుతుంది. మరిగించిన నీటి మీద నూనె పోసిన నాళికలోనూ, కాల్షియం క్లోరైడుతో పొడిగా ఉంచిన నాళికలోనూ మేకులు బాగానే ఉంటాయి.

"మరి లప్పంతో కప్పేస్తే గాలి అందదు కదా మాస్టారూ, తుప్పు ఆగిపోవాలి కదా?" అంటారేమో. మంచి ప్రశ్న! నేనూ అలాగే అనుకుని మోసపోయాను.

తుప్పు స్పాంజిలాంటిది. దాని సందుల్లో తేమా ఉప్పూ దాగి ఉంటాయి. లప్పం కూడా తేమను కొంత పీల్చుకుంటుంది. ఇక అసలు చిత్రం వినండి. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యు. ఆర్. ఈవాన్స్ 1920లలో ఇనుప రేకు మీద ఉప్పునీటి బొట్టు ఉంచి పరిశీలించాడు. బొట్టు అంచుల్లో గాలి బాగా అందుతుంది, మధ్యలో తక్కువ. గుంట ఎక్కడ పడుతుందనుకున్నారు? మధ్యలోనే! అక్కడ ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి, అయాన్లుగా మారి నీటిలో కలుస్తాయి. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా అంచులకు చేరి, అక్కడి ఆక్సిజన్‌నీ నీటినీ హైడ్రాక్సైడు అయాన్లుగా మారుస్తాయి. అంటే అదొక బుల్లి బ్యాటరీ అన్నమాట! ఉప్పు ఆ నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహించేలా చేస్తుంది.

నా కారు మీదా ఇదే జరిగింది. గాలి అందే చోటు పైన ఉంటే, తినేసే చోటు లప్పం కింద, కంటికి కనబడకుండా ఉంది. పైగా తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగును పైకి నెట్టి పొక్కులు లేపుతుంది.

మేస్త్రీగారి వైద్యం

ఈసారి ఒక పెద్ద టింకరింగ్ మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవరు పిడితో కప్పంతా తట్టి చూశారు. ఖంగుమన్న చోట మంచి రేకు, మోగకుండా బొద్దుగా పలికిన చోట తుప్పు. "పుండు మీద పౌడరు అద్దినట్టు చేశారు మాస్టారూ!" అన్నారు. ఆ మాట నా పాఠం కంటే సూటిగా ఉంది.

ముందు బ్యాటరీ తీగలు విప్పారు. నిప్పురవ్వలకు అంటుకోకుండా సీట్లూ, కప్పు లోపలి గుడ్డా తీసేశారు. రంగు గీకితే, అరచేతి మేర అనుకున్న తుప్పు జానెడు దాటి ఉంది. మంచి రేకు వచ్చేదాకా కోసి పారేశారు. సుమారు 1 మిల్లీమీటరు మందం గల కొత్త రేకును అదే వంపుకి సుత్తితో మలిచి అమర్చారు.

వెల్డింగు గీతలా కాకుండా చుక్కలు చుక్కలుగా పెట్టారు. ఒక చుక్క ఇక్కడ, తరువాతిది దూరంగా ఎక్కడో! ఎందుకు? 1 మీటరు పొడవున్న ఉక్కు ప్రతి 100 సెంటీగ్రేడు డిగ్రీలకు సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ ఉన్న చల్లని రేకు దాన్ని సాగనివ్వదు. ఒకేచోట వేడిచేస్తే పలుచని రేకు ఉబ్బి, ముడతలు పడుతుంది. అందుకే ప్రతి చుక్కా చల్లారేదాకా ఆగారు.

సందుల్లో మిగిలిన కాస్త తుప్పుకి ఫాస్ఫారిక్ ఆమ్లం పూశారు. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. కడిగి, బాగా ఆరబెట్టాక, లోపలివైపు జింకు పొడి కలిసిన ప్రైమరు వేశారు. జింకు ఇనుము కంటే సులభంగా ఎలక్ట్రాన్లను వదులుతుంది. కాబట్టి ముందు తాను క్షయమై ఇనుమును కాపాడుతుంది. పైవైపు మెరిసే రేకు మీద పలుచగా లప్పం, ఆపైన ప్రైమరు, చివరికి రంగు. లప్పం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కింద ఉన్నదే మారింది!

ఇంతకీ అసలు దొంగ ఎవరో చెప్పనే లేదు. మా కారును వేపచెట్టు కింద నిలుపుతాను. రాలిన ఆకులు కప్పు గాడిలో పేరుకుని, నీటిని పోనివ్వకుండా పట్టి ఉంచాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ గాడి శుభ్రం చేయడం నా పని.

కోత, వెల్డింగు, ఆమ్లం పెద్దల పనులు. మీరు ఇలా చేయండి. తుప్పు పట్టిన రెండు మేకులు తీసుకోండి. ఒకదానికి తుప్పు మీదనే రంగు వేయండి. రెండోదాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది రంగు వేయండి. ఆరాక రెండింటినీ వేరువేరు గ్లాసుల్లో ఉప్పునీటిలో ఉంచండి. వారం వారం చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ మేకు మీద ముందు పొక్కు లేచిందో మీ సైన్సు మాస్టారికి చూపిస్తారు కదూ!