వజ్రానికి గీటురాయి ఉన్నది, శబ్దానికో?

సూరత్ నగరంలో సానపట్టిన వజ్రం విలువ తేల్చడానికి కచ్చితమైన పద్ధతి ఉన్నది. రాయిని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరిశీలించి లోపాలను గుర్తిస్తారు. రంగును నమూనా రాళ్ళతో పోల్చి ‘డి’ మొదలు ‘జడ్’ వరకు ఒక అక్షరం కేటాయిస్తారు. 1950వ దశకంలో అమెరికా రత్నశాస్త్ర సంస్థ ప్రవేశపెట్టిన ఈ శ్రేణులను నేడు ప్రపంచమంతటా వర్తకులు అంగీకరిస్తున్నారు. ఆ సంస్థ ప్రయోగశాలల్లో రాయి ఎవరిదో పరీక్షించేవారికి తెలియనివ్వరు.

పాట వినిపించే యంత్రాలకు కూడా శ్రేణులున్నవి. శబ్దప్రియులు నాసిరకాన్ని ‘లో-ఫై’ అనీ, మధ్యరకాన్ని ‘మిడ్-ఫై’ అనీ, మేలురకాన్ని ‘హై-ఫై’ అనీ, అన్నిటికన్నా పై మెట్టును ‘హై-ఎండ్’ అనీ వ్యవహరిస్తారు. అయితే ఏ మెట్టు ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించే గీటురాయి మాత్రం లేదు. ఒకరి హై-ఫై మరొకరికి మిడ్-ఫై! చాలా సందర్భాలలో హద్దు గీసేది ధరే.

కొలతలు నిర్ణయించే ప్రయత్నాలు జరగకపోలేదు. 1960వ దశకంలో జర్మనీలో ‘డిఐఎన్ 45500’ అనే ప్రమాణం వెలువడింది. హై-ఫై అనిపించుకోవాలంటే యంత్రం ఏ మంద్రస్వరం నుండి ఏ తారస్వరం వరకు సమంగా పలకాలో, శబ్దం ఎంతకు మించి వికృతం కారాదో అది నిర్దేశించింది. ఆంప్లిఫైయర్ల వాట్ల గురించి అతిశయోక్తులు పెచ్చుపెరగగా 1974లో అమెరికా ప్రభుత్వం వాటిని అదుపు చేస్తూ నిబంధన తెచ్చింది. మన బజారులోనూ ‘పిఎంపిఓ’ పేరుతో చిన్న టేపురికార్డర్ల మీద వందల వాట్లు అచ్చువేసిన రోజులు చాలామందికి గుర్తే. క్షణకాలపు ఊహాశక్తిని చూపే ఆ అంకెకన్నా, నిలకడగా అందే శక్తిని తెలిపే ‘ఆర్ఎంఎస్’ అంకెనే కొనుగోలుదారు నమ్మవలసి ఉంటుంది.

కొలతలు చాలవు, చెవే అంతిమ న్యాయమూర్తి అని శబ్దప్రియుల వాదన. వారు శబ్దాన్ని ‘వెచ్చన’ అనీ, ‘పదును’ అనీ వర్ణిస్తారు. వాదన సమంజసమే. కాని ఆ న్యాయమూర్తికి కళ్ళు కూడా ఉన్నవి! 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు ఒక స్పీకర్ల కంపెనీకి చెందిన 40 మంది ఉద్యోగులకు నాలుగు స్పీకర్లు వినిపించారు. కంటితో చూస్తూ విన్నప్పుడు పెద్దవాటికి, ఖరీదైనవాటికి మార్కులు ఎక్కువ పడ్డాయి. తెర అడ్డుపెట్టగానే ఆ అంతరం తగ్గిపోయింది.

2007లో అమెరికాలో మరొక పరీక్ష వివరాలు ప్రచురితమయ్యాయి. మేలిరకపు రికార్డింగును, దానినే సాధారణ సి.డి. స్థాయికి కుదించిన రూపాన్ని మార్చి మార్చి వినిపించగా, 554 ప్రయత్నాలలో 276 సార్లు మాత్రమే శ్రోతలు సరిగా పోల్చుకోగలిగారు. బొమ్మాబొరుసా వేసినా ఫలితం దాదాపు అంతే! 2016లో జాషువా రైస్ 18 ప్రయోగాలను కలిపి పరిశీలించి, తేడా స్వల్పంగా ఉన్నదనీ, శిక్షణ పొందిన చెవులు దానిని మరికొంత మెరుగుగా పసిగడతాయనీ తేల్చాడు. కనుక చెవికి సాధన అవసరం. సాధన చేసిన చెవికి సైతం తెర అవసరం.

చెవికి రక్షణ కూడా అవసరమే. సూరత్‌లోనే మరమగ్గాల మీద బతుకు నేసుకుంటున్న తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. ఎడతెగని ఆ హోరులో ఏళ్ళ తరబడి పనిచేసేవారికి వినికిడి తగ్గే ప్రమాదముంది. అది సాధారణంగా 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది. గజ్జెల సవ్వడిలోని స్పష్టత, ‘స’, ‘ష’ వంటి అక్షరాల పదును మసకబారుతాయి. పోయిన ఆ శక్తి తిరిగి రాదు. ఇయర్‌ఫోన్లలో గంటల కొద్దీ హోరెత్తించే యువకులకూ ఇదే ముప్పు.

యంత్రం కొనదలచినవారు ధర చీటీ కప్పివేయాలి. బాగా తెలిసిన పాటను రెండు యంత్రాలపై ఒకే స్థాయిలో పెట్టించుకోవాలి. శబ్దం కాస్త హెచ్చుగా ఉన్నదే మేలైనదిగా తోచడం చెవి సహజగుణం. ఆపై కళ్ళు మూసుకుని వినాలి. యంత్రం పాతబడితే మరొకటి దొరుకుతుంది. చెవికి మాత్రం మారు సరుకు ఏ అంగడిలోనూ లేదు.