రెండు సభలూ సరేనన్నా చట్టం కాని బిల్లు

అమెరికాలో పనిచేసే తెలుగు ఇంజనీర్లు నలుగురు ఒకచోట చేరితే మాట చివరికి గ్రీన్ కార్డు మీదికే వస్తుంది. ‘‘నీది ఎప్పుడొస్తుందిరా?’’ అని ఇంటి దగ్గర నాన్న కూడా అడుగుతూనే ఉంటారు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చేవి దాదాపు 1,40,000 కార్డులు. స్థూలంగా చెప్పాలంటే, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ అందులో 7 శాతం మించకూడదు. బుల్లి ఐస్‌లాండ్‌కీ, 140 కోట్ల మన దేశానికీ ఒకటే హద్దు! దీన్ని మార్చగలిగేది అధ్యక్షుడు కాదు, కాంగ్రెస్. కాంగ్రెస్ అంటే ఇక్కడ పార్టీ కాదండోయ్, పార్లమెంటు.

ఆ హద్దు ఎత్తేసే బిల్లును 2019 జులై 10న ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీల వాళ్లూ ఓటేశారు. అంత మెజారిటీ వచ్చాక ఇంకేం, పనైపోయిందనుకుంటాం కదా. కాలేదు. ఎందుకు కాలేదో అర్థం కావాలంటే ఈ సభల్లోకి ఎవరు, ఎలా వస్తారో తెలియాలి.

ప్రతినిధుల సభలో 435 మంది. పదవి రెండేళ్లే. జనం ఎంత పెరిగినా ఈ సంఖ్య పెరగదు. పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసి, ఉన్న సీట్లనే రాష్ట్రాలకు మళ్లీ పంచుతారు. 2020 లెక్కల తర్వాత నేనుండే టెక్సాస్‌కు 36 సీట్లు 38 అయ్యాయి. తమాషా ఏమిటంటే, ఆ లెక్కలో వీసా మీద ఉన్నవాళ్లనీ కలుపుతారు. అంటే మా రాష్ట్రానికి సీట్లు పెంచిన తలల్లో నా తలా ఒకటి. ఓటు మాత్రం లేదు.

మన దగ్గర నియోజకవర్గాల హద్దులు గీయడానికి డీలిమిటేషన్ కమిషన్ ఉంటుంది. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ పని రాష్ట్ర శాసనసభదే. అధికారంలో ఉన్న పార్టీ తనకు అనువుగా గీసుకుంటుంది. దాంతో చాలా సీట్లలో ఏ పార్టీ గెలుస్తుందో ముందే తెలిసిపోతుంది. అసలు పోటీ నవంబరులో కాదు, అంతకు ముందు జరిగే ప్రైమరీలో. బీ-ఫారం కోసం అధిష్ఠానం గుమ్మం ముందు పడిగాపులు కాయడం ఇక్కడ లేదు. పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎన్నుకుంటారు. ఫిరాయింపుల చట్టమూ లేదు. అందుకే ఇక్కడి సభ్యుడు పార్టీ నాయకుడికంటే తన ప్రైమరీ ఓటర్లకే ఎక్కువ భయపడతాడు.

ఇక సెనేట్. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది, పదవి ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడోవంతు మందికి ఎన్నిక. ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే, దాదాపు నాలుగు కోట్ల కాలిఫోర్నియాకూ ఇద్దరే. మన రాజ్యసభలాగే ఒకప్పుడు సెనేటర్లనూ రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. 1913లో 17వ సవరణ వచ్చాక జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు.

ఈ సభలో ఒక్కడు చాలు, బండి ఆపడానికి. ఎవరూ అడ్డు చెప్పకపోతే బిల్లు నిమిషాల్లో పాసవుతుంది. ఒక్కరు ‘అభ్యంతరం’ అన్నా రోజుల తరబడి సభా సమయం కావాలి, చర్చ ముగించడానికే 60 ఓట్లు కావాలి. 2019 అక్టోబరులో ఇలినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్ అలాగే అడ్డుపడ్డారు. క్యూ మార్చడం కాదు, మొత్తం కార్డుల సంఖ్యే పెంచాలని ఆయన వాదన. మనవాళ్లు ఆయన్ని చాలా తిట్టారు గానీ, నాకు ఆ వాదనలో న్యాయం లేకపోలేదనిపిస్తుంది. మనల్ని ముందుకు జరిపితే ఇంకెవరో వెనక్కి వెళ్లాలి కదా.

బేరాలు సాగి సాగి, 2020 డిసెంబరు 2న సెనేట్ ఏకగ్రీవంగా బిల్లును ఆమోదించింది. అయితే మార్పులతో! మన దగ్గర ఉభయ సభలకూ పేచీ వస్తే ఉమ్మడి సమావేశం పెట్టి తేల్చే వీలుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఒకే పాఠం, అక్షరం పొల్లుపోకుండా, రెండు సభల్లోనూ పాసవ్వాలి. మా భాషలో చెప్పాలంటే రెండు బ్రాంచీలకూ ఆమోదం దొరికింది, మెర్జ్ మాత్రం కాలేదు. చేతిలో ఉన్నది నెల రోజులు. తేడాలు తేలలేదు. 2021 జనవరి 3తో ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లూ చచ్చిపోయింది. మళ్లీ తేవాలంటే కొత్త నంబరుతో, మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిందే.

వీసా మీద ఉన్నవాళ్లు ఓటు వేయకూడదు, అభ్యర్థికి చందా కూడా ఇవ్వకూడదు. ఫోన్ మాత్రం చేయొచ్చు. మా ప్రతినిధి ఆఫీసుకు చేశాను. జిప్ కోడ్ అడిగారు గానీ ఓటుందా అని అడగలేదు. చెప్పింది ఓపిగ్గా రాసుకున్నారు.

మా బాబాయి ఇక్కడి పౌరుడై పన్నెండేళ్లయింది. నవంబరు ఓటు ఎప్పుడూ తప్పరు. ప్రైమరీ అంటే మాత్రం ‘‘అది పార్టీవాళ్ల గొడవ కదరా’’ అంటారు. మా నియోజకవర్గంలో అసలు ఎన్నిక అదే బాబాయ్ అని లెక్కలు తీసి చూపించాను. వచ్చేసారి పొద్దున్నే కారు తెస్తాను, రెడీగా ఉండమన్నాను.