అడవికి పద్దు వ్రాసే చదువు

రోడ్డు వెడల్పు చేయడానికి ఒక పెద్ద వేపచెట్టును కొట్టివేశారనుకోండి. "ఫరవాలేదు, దానికి బదులు పది మొక్కలు నాటుతాం" అన్నారు. ఒకటికి పది! లెక్క సరిపోయినట్టేనా? జవాబు చెప్పే ముందు మనం ఒక అడవిబడిని చూసివద్దాం.

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ వైపు బహదూర్‌పల్లి ఉంది. ఒకప్పటి పల్లె చుట్టూ ఇప్పుడు అంతస్తుల ఇళ్లు లేచాయి. దాని పక్కనే ఉన్న దూలపల్లిలో మాత్రం అడవి ఇంకా మిగిలి ఉంది. తెలంగాణ రాష్ట్ర అటవీ అకాడమీ ఉన్నది అక్కడే. అడవులను కాపాడే ఉద్యోగులు అందులో శిక్షణ పొందుతారు. అటవీ జీవవైవిధ్య సంస్థ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ కూడా దూలపల్లిలోనే ఉంది.

అడవిని కాపాడడానికి ఒక కర్ర, ఒక ఈల చాలవా, చదువెందుకు అని మీకు అనుమానం రావచ్చు. బ్యాంకులో వేసిన డబ్బును తలచుకోండి. అసలును ముట్టకుండా వడ్డీని మాత్రమే వాడుకుంటే ఆ డబ్బు ఎన్నేళ్లయినా తరగదు. అడవిలో నిలిచి ఉన్న చెట్లు అసలు. ఏటా కొత్తగా పెరిగే కలప వడ్డీ. అయితే ఈ బ్యాంకు మనకు పాసుపుస్తకం ఇవ్వదు. పద్దు మనమే వ్రాసుకోవాలి.

ఈ సంగతి మొదట గ్రహించినవారిలో జర్మనీకి చెందిన కార్లోవిట్జ్ ఒకడు. ఆయన గనుల అధికారి. వెండి ఖనిజాన్ని కరిగించే కొలుములకు కట్టెలు కరువవుతుంటే, పెరిగినంతే నరకాలని 1713లో ఒక గ్రంథంలో వ్రాశాడు. 1856లో బర్మా టేకు అడవుల బాధ్యత తీసుకున్న బ్రాండిస్, చెట్లను చుట్టుకొలతను బట్టి తరగతులుగా విడదీసి లెక్కించాడు. మన దేశంలో 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల ఏర్పడింది. ఆనాటి లెక్కలు ముఖ్యంగా కలప కోసమే. ఇప్పటి చదువులో నేల, నీరు, పక్షులు, పురుగులు, అడవి మీద బ్రతికే మనుషులు కూడా పద్దులోకి వచ్చారు.

ఇక మన వేపచెట్టు దగ్గరకు వద్దాం. అటవీ ఉద్యోగి నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే సుమారు ఛాతీ ఎత్తున, టేపు చుట్టి కొలుస్తాడు. చుట్టుకొలత 157 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దానిని 3.14తో భాగిస్తే వ్యాసం 50 సెంటీమీటర్లు. నాటబోయే మొక్క కాండం వ్యాసం 1 సెంటీమీటరు అనుకోండి. వ్యాసంలో తేడా 50 రెట్లే. కాని కాండాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యంలో తేడా 50 × 50, అంటే 2,500 రెట్లు! పది మొక్కలూ కలిసి ఆ చెట్టులో 250వ వంతు. ఎత్తు, కొమ్మలు, నీడ కూడా లెక్కవేస్తే తేడా ఇంకా ఎక్కువ.

అయితే మొక్కలు నాటడం దండగా? కానే కాదు. 1950లో మొదలైన వనమహోత్సవం మంచి అలవాటే. కాని నాటిన రోజున లెక్క ముగియదు, మొదలవుతుంది. ఎన్ని బ్రతికాయి? ఏటా ఎంత లావెక్కాయి? ఇది వ్రాసుకోకపోతే చెట్ల సంఖ్య పెరుగుతున్నట్టే కనిపిస్తుంది, అసలు మాత్రం కరిగిపోతుంది.

మీరూ చేసి చూడండి. మీ బడి ఆవరణలో ఐదు చెట్లను ఎన్నుకోండి. 1.37 మీటర్ల ఎత్తున సున్నంతో గీత పెట్టండి. దర్జీ టేపుతో చుట్టుకొలత తీసి, చెట్టు పేరు, తేదీతో సహా నోటుపుస్తకంలో వ్రాయండి. వచ్చే ఏడు అదే నెలలో, అదే గీత మీద మళ్లీ కొలవండి. పెరిగినదే మీ చెట్టు ఇచ్చిన వడ్డీ! మీరు పై తరగతికి వెళ్లేటప్పుడు పుస్తకాన్ని క్రింది తరగతివారికి అప్పగించండి.

ఈ పని నచ్చితే, ఇంటర్‌లో సైన్సు చదివాక నాలుగేళ్ల అటవీశాస్త్ర డిగ్రీ చేయవచ్చు. సిద్దిపేట జిల్లా ములుగులో 2016లో ఏర్పడిన అటవీ కళాశాల ఉంది. అందాకా టేపు, నోటుపుస్తకం చాలు.