ఎముకల నొప్పికి కాల్షియం మాత్రేనా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో నడివయసు గృహిణులున్న ఇండ్లలో కాల్షియం మాత్రల పట్టీ లేని అలమర అరుదు. మోకాళ్లు పట్టినా, నడుము లాగినా పక్కింటివారు చెప్పే మందు అదే. కొందరు శంఖ భస్మమో, ప్రవాళ భస్మమో తెప్పించి తేనెతో సేవిస్తారు. అవి కూడా ప్రధానంగా కాల్షియమేనని వారెరుగరు. ఎముకలు నొప్పి పెడితే కాల్షియం తగ్గినట్లేనన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదు. రక్తంలో కాల్షియం మితిమీరిన వారికి కూడా ఇవే నొప్పులు కలుగుతాయి. అట్టివారికి ఈ మాత్రలు హాని చేస్తాయి.

కంఠంలో థైరాయిడ్ గ్రంథి వెనుక, ఒక్కొక్కటి బియ్యపు గింజంత ప్రమాణంలో, సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. థైరాయిడ్‌తో వీటికి ఇరుగుపొరుగు సంబంధమే గాని పనిలో పొత్తు లేదు. కనుక థైరాయిడ్ పరీక్ష బాగున్నంత మాత్రాన ఇవి బాగున్నట్లు కాదు. డెసిలీటరు రక్తంలో కాల్షియాన్ని సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల నడుమ నిలిపి ఉంచడం వీటి బాధ్యత. అది తగ్గగానే ఇవి హార్మోనును స్రవిస్తాయి. ఆ హార్మోను ఎముకల నిల్వలోంచి కాల్షియాన్ని తీస్తుంది. మూత్రంలో పోనీయకుండా ఆపుతుంది. మూత్రపిండాలలో విటమిన్-డిని చురుకైన రూపానికి మార్పించి, పేగులు మరింత కాల్షియం గ్రహించేట్లు చేస్తుంది. గుండె, నరాలు, కండరాలు నడవడానికి కాల్షియం కావాలి గనుక, ఎముకను గుల్ల చేసి అయినా రక్తానికి లోటు రానీయదు.

ఈ గ్రంథులలో ఒకదానికి కంతి పుట్టినప్పుడు చిక్కు మొదలవుతుంది. అవసరం లేకున్నా హార్మోను ఊరుతూనే ఉంటుంది. ఎముకలు పలుచబడతాయి, రక్తంలో కాల్షియం పెరుగుతుంది, మూత్రపిండాలలో రాళ్లు మళ్లీ మళ్లీ ఏర్పడతాయి. మలబద్ధకం, అతిదాహం, నీరసం, దిగులు తోడవుతాయి. యాభై దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. ఈ కంతులలో అత్యధికం క్యాన్సరు కావు. శస్త్రచికిత్సతో తొలగించితే చాలావరకు నయమవుతుంది. నల్లేరు పచ్చడి రుచికి, జీర్ణానికి మంచిదే గాని, ఆ కంతిని కరిగించలేదు.

కంతి లేకుండానే హార్మోను పెరిగే సందర్భాలున్నాయి. ఎండ తగలని అపార్టుమెంటు జీవనంలో విటమిన్-డి తగ్గుతుంది, కాల్షియం వంటబట్టదు, గ్రంథులు అదనంగా శ్రమిస్తాయి. లేత ఎండ మంచిదని పెద్దలంటారు గాని, విటమిన్-డి తయారయ్యేది ప్రధానంగా పగలు 11 నుంచి 2 గంటల నడుమ ఎండలోనే. దీర్ఘకాల మూత్రపిండ వ్యాధిలోనూ ఈ పెరుగుదల కనిపిస్తుంది.

మన ప్రాంతంలో మరొక కారణం కూడా ఉంది. ఎల్.బి.నగర్ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాలలో అనేకం నల్లగొండ జిల్లా నుంచి వచ్చినవే. అక్కడి బోరునీటిలోని ఫ్లోరైడు వలన పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగిపోవడాన్ని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో వెల్లడించారు. 1976లో అట్టి రోగులలో పారాథైరాయిడ్ హార్మోను స్థాయిని కూడా పరిశీలించి, అది హెచ్చుగా ఉన్నట్లు గుర్తించారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరిన కొద్దీ గాఢత పెరుగుతుంది. సొంత ఊరిలో బాల్యం గడిపి, ఇప్పుడు కీళ్లు బిగుసుకుంటున్నవారు ఈ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

ఇక హార్మోను తగ్గిపోయే స్థితి. ఇది ఎక్కువగా థైరాయిడ్ ఆపరేషను తరువాత వస్తుంది. పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం దీని గుర్తులు. ఇలా కనిపిస్తే ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. ఇంటి చిట్కాలతో కాలయాపన తగదు.

కనుక మాత్ర మింగేముందు రక్తంలో కాల్షియం, ఆల్బుమిన్, క్రియాటినిన్, విటమిన్-డి, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షించుకోండి. కాల్షియం హెచ్చుగా ఉండి హార్మోను కూడా హెచ్చుగానో, కనీసం తగ్గకుండానో ఉంటే గ్రంథినే అనుమానించాలి. కాల్షియం మామూలుగానో తక్కువగానో ఉండి హార్మోను పెరిగితే విటమిన్-డి, మూత్రపిండాల వైపు చూడాలి. నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రులలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. ఫలితం తెలిసేదాకా రాగి జావ, పాలు, పెరుగు మామూలుగానే తీసుకోవచ్చు. 60,000 యూనిట్ల విటమిన్-డి పొట్లాలను, భస్మాలను మాత్రం వైద్యుడు చెప్పేవరకు పక్కన పెట్టండి.