వైరు తెగితే మోటారు ఏం చేయాలి?

హైదరాబాద్‌లోని సైదాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా కింద సంపు, పైన ట్యాంకు, మెట్ల పక్కన మోటారు స్టార్టరు ఉంటాయి. నల్లాలో కృష్ణా నీళ్లు వస్తే సంపు నిండుతుంది. ట్యాంకు ఖాళీ కాగానే వాచ్‌మన్ స్టార్టరు నొక్కుతాడు, నిండగానే ఆపుతాడు. ఫ్యాక్టరీలో ఇలాంటి పనులు వందల్లో ఉంటాయి. వాటిని రాత్రింబవళ్లు చూసుకునే చిన్న కంప్యూటరే పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్.

కారు మోడల్ మారినప్పుడల్లా రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) వైరింగు విప్పి మళ్లీ కట్టలేక 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ ఇలాంటి కంట్రోలర్ కోసం వెతికింది. ఇంజినీరు డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 అనే పీఎల్‌సీని తయారుచేసింది. అప్పటి ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే డ్రాయింగులాగే ప్రోగ్రామునూ గీసే పద్ధతి వచ్చింది. దాన్నే లాడర్ అంటారు. అందుకే స్టార్టరు వైరింగు చేతితో చేసిన ఐటీఐ కుర్రాడికి సగం పీఎల్‌సీ వచ్చినట్టేనని నా నమ్మకం.

పీఎల్‌సీ ముందు ఇన్‌పుట్లన్నీ చదువుతుంది, ప్రోగ్రామును పైనుంచి కిందికి నడుపుతుంది, తర్వాత అవుట్‌పుట్లు మారుస్తుంది. కొన్ని మిల్లీ సెకన్లలో ఇదంతా ముగించి మళ్లీ మొదలుపెడుతుంది. ఒకే అవుట్‌పుట్‌ను రెండు చోట్ల రాస్తే సాధారణంగా కిందిదే చెల్లుతుంది. పై లైను ఎందుకు పనిచేయడం లేదో కొత్తవాళ్లకు అంతుపట్టదు.

అసలు తిరకాసు స్టాప్ బటన్ దగ్గర. దాన్ని ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) కాంటాక్టుతో కలుపుతారు. అంటే నొక్కనంతసేపూ 24 వోల్టులు ఇన్‌పుట్‌కు అందుతూనే ఉంటాయి, నొక్కితే ఆగిపోతాయి. కాబట్టి లాడర్‌లో దాన్ని ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్) గుర్తుతో గీయాలి. బటన్ ఎన్‌సీ అయితే గుర్తు ఎన్‌ఓ ఏమిటని ప్రతి బ్యాచ్‌లోనూ విద్యార్థులు అడుగుతారు. ఆ గుర్తు అడిగేది బటన్ రకం కాదు, ఇన్‌పుట్‌కు కరెంటు వస్తోందా లేదా అని. ఇంత శ్రమ ఎందుకంటే, ఎలుక వైరు కొరికినా, స్క్రూ వదులైనా కరెంటు ఆగుతుంది, మోటారూ ఆగుతుంది. ఎన్‌ఓ బటన్ పెడితే వైరు తెగిన సంగతి ఎవరికీ తెలియదు. ప్రమాదం వచ్చి నొక్కినప్పుడు మోటారు ఆగదు. ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం మామూలు ప్రోగ్రాముకు వదలకూడదు. దానికి సేఫ్టీ రిలే విడిగా ఉండాలి.

ట్యాంకులో నీటిమట్టం చూసే ఫ్లోటు స్విచ్చు దగ్గర మరో జాగ్రత్త కావాలి. నీళ్లు ఊగినప్పుడల్లా ఫ్లోటు టకటకా కొట్టుకుంటే మోటారు పాడవుతుంది. అక్కడ కొన్ని సెకన్ల టైమర్ పెట్టాలి.

నేర్చుకోవడానికి బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. మల్లేపల్లి ఐటీఐలో 2024 జూన్‌లో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్‌కు శంకుస్థాపన జరిగింది. ఇంట్లో కంప్యూటరుంటే కోడెసిస్ అనే పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్‌తో ఉచితంగానే మొదలుపెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ ఎక్కడుందో బట్టీపట్టించే కోర్సుకు డబ్బు కట్టకండి. లోపం వస్తే ఏం జరగాలో అడిగే గురువును వెతకండి.

మొదటి లెక్కగా ఇది చేసి చూడండి: మోటారు నడుస్తుండగా కరెంటు పోయి వచ్చింది. స్టార్ట్ బటన్ వదిలినా మోటారును నడిపించే హోల్డింగ్ లైనును మామూలుగా రాస్తే మోటారు ఆగే ఉంటుంది, మళ్లీ స్టార్ట్ నొక్కాలి. ట్యాంకు నింపే మోటారైతే తనంతట తాను తిరిగినా ఫర్వాలేదు. కన్వేయర్ బెల్టు మాత్రం తిరగకూడదు. కరెంటు లేని ఆ కాసేపట్లో ఎవరో చెయ్యి లోపల పెట్టి ఉండవచ్చు.