ఉక్కునగరపు చలి, తీరాంధ్ర పిలుపు

జంషెడ్‌పూర్: చలికాలం ముదిరేసరికి ఈ ఉక్కునగరంలోని తెలుగు కుటుంబాలలో, ప్రత్యేకించి పదవీ విరమణకు చేరువైన వారిలో, తలెత్తే ప్రశ్న ఒకటే: ఇక్కడే ఉండిపోవడమా, తీరాంధ్రకు మరలడమా?

ఛోటానాగ్‌పూర్ పీఠభూమిలో, సముద్రానికి దూరంగా ఉన్న జంషెడ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉత్తరాది పొడిగాలుల వల్ల ఉష్ణోగ్రత కొన్నిసార్లు 10 డిగ్రీల దిగువకు పడిపోతుంది. సముద్రం నిలువ చేసుకున్న వేడిమి కారణంగా విశాఖపట్నంలో అదే ఋతువున రాత్రులు అంత చల్లబడవు. వృద్ధులలో రక్తపోటును, ఉబ్బసాన్ని చలి పెంచుతుంది గనుక ఈ తేడా స్వల్పమైనది కాదు.

1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన తరువాత శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి ఎందరో ఉపాధికై ఇక్కడికి తరలివచ్చారు. 1994లో సుమారు 78 వేలున్న సంస్థ సిబ్బంది, ముందస్తు విరమణ పథకం తదితర కారణాల వల్ల తరువాతి పుష్కరకాలంలో దాదాపు సగానికి తగ్గారు. ఉద్యోగంతోపాటు కంపెనీ క్వార్టరును కూడా వదలవలసినవారికి నివాసమే ప్రధాన సమస్య అయింది.

అయితే వెచ్చని తీరమూ నిరపాయకరం కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను, 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని అతలాకుతలం చేశాయి. వేసవి ఉక్కపోత సరేసరి. పైగా పిల్లల ఉద్యోగాలు, మనుమల చదువులు జంషెడ్‌పూర్‌లోనే ఉన్నప్పుడు స్వగ్రామంలో వెచ్చదనం లభించినా తోడు లభించదు. కనుక ఇక్కడి ఇల్లు అమ్ముకోకముందే ఒక శీతకాలం, ఒక వేసవి, ఒక తుపానుల ఋతువు అక్కడ గడిపి చూడడం వివేకం.